ఈ మధ్య చూసిన సినిమాల్లో మాట మీకు మనదిలా వినిపించిందా?

కిమిడి వాసి (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

ఒడిశాలోని తెలుగు మిత్రులందరికీ నమస్కారం. ఈ నెల రోజుల్లో మా ఇంటిల్లిపాదీ కలిసి నాలుగు సినిమాలు చూశాం. మూడింటిని ఇంట్లో టీవీలోనూ, ఒకదాన్ని టెక్కలి వెళ్ళి హాలులోనూ చూశాం. అన్నిటి గురించీ రాసే ఓపిక నాకూ, చదివే ఓపిక మీకూ ఉండదు కనుక, ‘తండేల్’ చూసిన రాత్రి మా ఇంట్లో మొదలై ఇప్పటికీ తెగని ఒక వాదనను మాత్రం మీ ముందు పెడుతున్నాను.

శ్రీకాకుళం జిల్లా కె. మత్స్యలేశం నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వేటకు వెళ్ళిన మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని చందు మొండేటి తీసిన ఈ సినిమా 2025 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మాకు చూడడం కుదరలేదు.

మా అమ్మ పుట్టింది టెక్కలి పక్క పల్లెలో. పెళ్ళయి కిమిడి వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆమె మాట ఏమాత్రం మారలేదు. మురీల (మరమరాల) గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమె, మొదటి అరగంటలో ‘ఏటి’ అన్న మాట వినిపించిన ప్రతిసారీ ఒక వేలు ముడుస్తూ వచ్చి, రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక ‘ఇన్నిసార్లు మనమే అనం గదరా’ అని నవ్వింది. అయితే, వద్దని ఎంత బతిమాలినా వినకుండా వేటకు వెళ్ళిపోయిన మనిషి మీద సాయి పల్లవి కోపం పట్టలేకపోయే చోటికి వచ్చేసరికి ఆ లెక్క మరిచిపోయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. విజయనగరం నుంచి వచ్చిన మా బావ మాత్రం, యాసను చొక్కాకు గుండీల్లా కుట్టారే తప్ప అది ఎవరి నోటికీ పట్టలేదని తీర్పు చెప్పేశాడు.

వీళ్ళిద్దరి మాట ఎలా ఉన్నా, నన్ను ఇరుకున పెట్టింది మా అన్నయ్య కొడుకు. వాడికి తొమ్మిదేళ్ళు, ఒడియా బడిలో చదువుతున్నాడు. కాసేపు శ్రద్ధగా చూసి, ‘హీరో నానమ్మలాగా ఎందుకు మాట్లాడుతున్నాడు?’ అని అడిగాడు. గదిలో ఉన్న పెద్దవాళ్ళం ఎవరమూ వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాం.

సరిహద్దుకు ఇవతల ఉన్న మీరు ఈ మధ్య ఏ సినిమాలు చూశారో, వాటిలో మాట మీ ఇంటి మాటలా వినిపించిందో లేదో, అసలు అది మీకు పట్టించుకోవలసిన విషయమో కాదో దయచేసి రాయండి.


బరంపురం పాత ప్రేక్షకుడు (బరంపురం, గంజాం జిల్లా)

కిమిడి వాసి గారూ, మీ అమ్మగారు వేళ్ళు ముడిచి లెక్కపెట్టడంలోనే సగం విమర్శ ఉంది. మిగతా సగం నేను చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన యాస అంటే ‘ఏటి’ అన్న ఒక్క మాటే అనుకోవడం సినిమావాళ్ళు చేసే మొదటి పొరపాటు. మన మాట క్రియలో ఉంటుంది. ‘వెళ్ళిపోయాడు’ అన్నది మన ఇళ్ళల్లో ‘ఎల్లిపోనాడు’ అవుతుంది, ‘తినేశాను’ అన్నది ‘తినీసినాను’ అవుతుంది, ‘త్వరగా’ అనవలసిన చోట మనకు ‘బేగి’ తప్ప మరొకటి నోటికి రాదు. వీటన్నిటికంటే ముఖ్యంగా, ప్రశ్న అడిగినప్పుడు మన వాక్యం చివర పైకి లేచి కాస్త సాగుతుంది. ఆ సాగడం లేకుండా మాటలను మాత్రమే ఏరి తెచ్చి అతికిస్తే మీ బావగారు చెప్పిన గుండీల సంగతే అవుతుంది.

యాస నిజంగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి నేను చాలా ఏళ్ళుగా ఒక పరీక్ష పెట్టుకున్నాను. పాత్రకు కోపం వచ్చినప్పుడు, ఏడుపు వచ్చినప్పుడు ఆ యాస మిగిలిందా లేదా అని చూస్తాను. నిజ జీవితంలో బరంపురం బజారులో తగువు పడితే, అంతవరకు కొంచెం నాజూకుగా మాట్లాడిన మనిషి కూడా నిమిషంలో తాతగారి ఊరి మాటకు వెళ్ళిపోతాడు. సినిమాలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది; సరదా సన్నివేశాల్లో యాస బాగా ఉండి, గంభీరమైన ప్రసంగం వచ్చేసరికి పుస్తకాల తెలుగు దిగుతుంది. ‘తండేల్’ మొదటి సగం ఈ పరీక్షలో చాలావరకు నెగ్గిందనీ, కరాచీ జైలులో దేశం గురించి మాట్లాడే సన్నివేశాల దగ్గర తడబడిందనీ నా అభిప్రాయం. 2020లో వచ్చిన కరుణ కుమార్ సినిమా ‘పలాస 1978’ చూడనివారు ఒకసారి చూడండి. అందులో కొట్లాటలు నాకు మితిమీరినట్టు అనిపించాయి గాని, కోపంలో కూడా మాట మారలేదు.

చిన్నవాడి ప్రశ్నకు జవాబు మన తరం దగ్గరే ఉంది. దశాబ్దాల పాటు మన యాసను తెరమీద పనిమనిషికో, అమాయకపు దొంగకో, హాస్యం పంచే పక్క పాత్రకో ఇచ్చారు. మనం టికెట్టు కొనుక్కుని వెళ్ళి, మన అత్తలూ పిన్నులూ మాట్లాడే మాటనే విని పడిపడి నవ్వాం. ‘పుష్ప’లో మొదటి నుంచి చివరి దాకా చిత్తూరు యాస మాట్లాడిన అల్లు అర్జున్‌కు 2021 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. అంతకు ముందు ఏ తెలుగు నటుడికీ ఆ పురస్కారం రాలేదు. కథానాయకుడు యాస మాట్లాడితే అతని స్థాయి తగ్గదని వాడికి ఈ ఉదాహరణతో చెప్పి చూడండి.


గోపాల్‌పూర్ కెరటం (గోపాల్‌పూర్, గంజాం జిల్లా)

నేను పుట్టింది మత్స్యకార కుటుంబంలో. గోపాల్‌పూర్ నుంచి పూరీ పెంటకోట వరకు తీరం వెంబడి మా వాళ్ళు ఉన్నారు. ఒడియావారు మమ్మల్ని నోలియాలంటారు. ఇళ్ళల్లో మేము మాట్లాడేది తెలుగే. కనుక ‘తండేల్’ను నేను చెవులతో కాక కళ్ళతో చూశాను.

ముందుగా ఆ పేరు సంగతి. తండేల్ అన్నది గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో పడవ పెద్దను పిలిచే మాట. మా ముసలివాళ్ళు సరంగు అనేవారు. పరాయి తీరానికి పనికి వెళ్ళినవాడు అక్కడి మాటను హోదాగా ఇంటికి తెచ్చుకుంటాడు; మా చిన్నాన్న కొడుకులు కేరళ పడవల మీద పనిచేసి వచ్చాక రెండు నెలల దాకా మలయాళం మాటలు విసురుతూనే ఉంటారు. సినిమాకు ఆ పేరు పెట్టడం నాకు చాలా సహజంగా అనిపించింది.

సహజంగా అనిపించనిది ఒకటి ఉంది. మర పడవ మీద ఇంజను తిరుగుతున్నప్పుడు ఆరడుగుల దూరంలో ఉన్న మనిషి మాట కూడా వినబడదు. మేము చేతులతో మాట్లాడుకుంటాం. అరిచినా రెండు మాటలకు మించి అరవం. వల ఎత్తే సమయంలో పడవ పెద్ద తన గడ్డం ఎగరేస్తే ఒక అర్థం, అరచేయి కిందికి ఆడిస్తే మరొక అర్థం. సినిమాలో మాత్రం తుపాను మధ్య కూడా ఇంటి అరుగు మీద కూర్చున్నంత తీరికగా, స్పష్టంగా మాట్లాడుకున్నట్టు నాకు అనిపించింది. యాస సరిగా ఉందా లేదా అని మీరు వాదించుకుంటున్నారు గాని, సముద్రం మీద అన్ని మాటలు ఉండవని ఎవరూ అనకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

అయినా ఆ సినిమాను నేను రెండుసార్లు చూశాను. కారణం ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్ళు. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపల మాకు వేట నిషేధం ఉంటుంది. తాబేళ్ళ మీద నాకు కోపమేమీ లేదు గాని, ఆ ఏడు నెలల్లో మా వీధిలో చాలా ఇళ్ళలో మగవాళ్ళు ఉండరు. ఫోను మోగగానే మా వదిన దాన్ని ఎత్తకుండా ముందు తెర మీద పేరు ఎంతసేపు చూస్తుందో నాకు తెలుసు. సాయి పల్లవి ముఖంలో ఆ చూపు ఉంది. రెండో సగంలో 370 అధికరణం రద్దు చుట్టూ అల్లిన జైలు గొడవలు తగ్గించి, ఆ ఇళ్ళను మరికొంత చూపించి ఉంటే బాగుండేది.


జయపురం మాస్టారు (జయపురం, కోరాపుట్ జిల్లా)

పై ఇద్దరి మాటలూ చదివాక నాకు కొంచెం అసూయ కలిగింది. మీకు మీ మాట సరిగా ఉందా లేదా అని వాదించుకునే అవకాశమైనా ఉంది. మా వైపు కొండలు తెరకెక్కుతున్నాయి గాని మా మాట ఎక్కడం లేదు. ‘పుష్ప 2’ కొంత భాగం మల్కన్‌గిరి జిల్లాలో తీశారు. రాజమౌళి గారు తన ‘వారణాసి’ కోసం 2025లో మా దేవమాలి కొండ దగ్గర చిత్రీకరణ జరిపారు. తరువాత ఆయన ఒంటరిగా ఆ కొండ ఎక్కి, సందర్శకులు పారేసిన చెత్త చూసి బాధపడుతూ రాసిన మాటలు మా బడిలో పిల్లలకు చదివి వినిపించాను కూడా. కానీ ఆ కొండలు సినిమాలో మరో ఊరి కొండలుగానే ఉంటాయి. జయపురం సంతలో తెలుగు, ఒడియా, మా కొండల వాడుక భాష దేశియా కలగలిసి వినిపించే ఆ మాట ఏ సినిమాలోనూ నేను వినలేదు.

మా ప్రాంతాన్ని పేరు పెట్టి చూపించింది తెలుగు సినిమా కాదు, 2022 నవంబరులో వచ్చిన ఒడియా సినిమా ‘దమన్’. చాలా ఆలస్యంగా, పోయిన వారమే చూశాను. బలిమెల జలాశయం వెనక చిక్కుకుపోయిన మల్కన్‌గిరి పల్లెలకు ఒక కుర్ర వైద్యుడు వెళ్ళి మలేరియాతో పోరాడడం దాని కథ. మన వాళ్ళకు సీలేరు తెలుసు, బలిమెల పేరు కూడా తెలుసు, కానీ ఆ నీటికి అవతల 151 ఊళ్ళు రోడ్డుకు దూరమై, 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా పడవల మీదే బతికాయని ఎంతమందికి తెలుసు? సినిమాగా దానిలో లోపాలున్నాయి. వైద్యుడి మంచితనాన్ని నేపథ్య సంగీతం పదే పదే గుర్తు చేస్తుంది. అయితే పడవ కోసం గట్టున కూర్చుని ఎదురుచూసే రోగిని చూపినప్పుడు నేను ఏ భాషలో చూస్తున్నానో నాకు గుర్తులేదు.

అందుకే కిమిడి వాసి గారి మూడో ప్రశ్నకు నా జవాబు వేరు. 2023లో వచ్చిన వేణు యెల్దండి ‘బలగం’ తెలంగాణ పల్లె మాటలో ఉంటుంది. మొదటి పావుగంటలో నాకు పదికి నాలుగు మాటలు అర్థం కాలేదు. తాత పోయాడు, పెట్టిన పిండాన్ని పిట్ట ముట్టడం లేదు, ఎప్పుడో భోజనాల దగ్గర నల్లి బొక్క కోసం అలిగిన అల్లుడు ఇప్పటికీ మెత్తబడడు. ఈ మూడూ తెలిశాక ఇక మాట అడ్డు రాలేదు. మా నాన్నగారి పెద్దకర్మ నాడు కాకి కోసం మా పెరటి గోడ దగ్గర గంటన్నర నిలబడిన మనిషిని నేను; ఆ సన్నివేశానికి నాకు యాస అవసరం లేకపోయింది. మన యాస లేని సినిమా మనది కాదనుకోవడం మొదలుపెడితే, ఇటువంటి చోట ఉన్న మనకు మిగిలేవి రెండో మూడో సినిమాలు.


గుణుపురం కుర్రవాడు (గుణుపురం, రాయగడ జిల్లా)

పెద్దలు క్షమించాలి, నేను చాలా తేలికైన సినిమా పేరు చెప్పబోతున్నాను. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ స్నేహితులతో కలిసి చూశాను. ఎంసెట్‌లో చతికిలపడిన అబ్బాయి, కోచింగులో పరిచయమైన అమ్మాయి. కథ అంతకు మించి లేదు. మాట పూర్తిగా హైదరాబాదు మాటే గాని, ఓజేఈఈ (ఒడిశా ప్రవేశ పరీక్ష) ర్యాంకు వచ్చిన రోజు మా ఇంట్లో నెలకొన్న మౌనాన్ని అక్కడ చూసి కుర్చీలోంచి పడేంతగా నవ్వాను.

ఇంకొక మాట. నేను ఒడియా మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది సినిమా పేర్లు పడేటప్పుడు కూడబలుక్కుని చదవడం వల్లే. అందుకని నాకు ఏ యాస అయినా ఫరవాలేదు, పేర్లు మాత్రం తెలుగులో వేయాలి. ఈ మధ్య చాలా సినిమాలకు ఆంగ్లంలోనే వేస్తున్నారు.


రాయగడ గృహిణి (రాయగడ)

మా వారిది కటకం, ఆయనకు తెలుగు రాదు. మేము సినిమా చూడడం అంటే ఆయన కింద వచ్చే ఆంగ్ల అనువాదం చదవడం, దానిలో రానిది నేను చెప్పడం. ఈ పద్ధతిలో ఈ నెలలో ‘కోర్ట్’ చూశాం. 2013 నాటి విశాఖపట్నం కథ. పద్దెనిమిది నిండని అమ్మాయిని ప్రేమించిన కుర్రాడి మీద, ఆ ఇంటి పెద్దమనిషి మంగపతి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెట్టిస్తాడు. చట్టం కొత్తగా వచ్చిన రోజులు కనుక, అందులో ఏముందో ఆ కుర్రాడికే కాదు, అతని తల్లిదండ్రులకూ తెలియదు. మంగపతిగా శివాజీ వచ్చినప్పుడల్లా మా వారు అనువాదం చదవడం మానేసి ఆయన ముఖమే చూశారు. ఆ రెండు గంటల్లో యాస సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. కుర్రాడి లాయరుగా వేసిన ప్రియదర్శి వాదనలోని చట్టం చిక్కులు విప్పి చెప్పడానికే నా శక్తి సరిపోయింది. ఆఖరి వాదన దగ్గర మాత్రం ఆయన ‘ఆగు, చెప్పకు’ అని నన్నే ఆపేశారు.

‘తండేల్’ చూసినప్పుడు దీనికి భిన్నంగా జరిగింది. అనువాదంలో యాస ఉండదు కదా. అందరూ ఒకే ఆంగ్లంలో మాట్లాడతారు. నేను ఎక్కడ ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు అర్థం కాక, ‘ఏంటి’కీ ‘ఏటి’కీ ఏమిటి తేడా అని అడిగారు. ఎలా చెప్పాలో తోచక, ‘బరంపురం వాళ్ళ ఒడియా వినగానే మీ కటకం వాళ్ళు నవ్వరా, అలాంటిది’ అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. ఒడియా హాస్య సన్నివేశాల్లో గంజాం యాస వినిపించగానే అక్కడివాళ్ళు ఎలా నవ్వుతారో నేను అత్తవారింట్లో కళ్ళారా చూశాను. బరంపురం పాత ప్రేక్షకుడు గారూ, ఆ లెక్కన మీ ఊరివాళ్ళను ఇటు తెలుగులోనూ అటు ఒడియాలోనూ కూడా నవ్వులకే వాడుకున్నారన్నమాట; మీకు రెట్టింపు పారితోషికం రావాలి.

కిమిడి వాసి గారూ, మీ చిన్నవాడిని మందలించకండి. మా అమ్మాయి కూడా అమ్మమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక తెలుగు, నాతో ఒక తెలుగు మాట్లాడుతుంది. సినిమా చూశాక రెండు రోజులు నాతో కూడా అమ్మమ్మ తెలుగే మాట్లాడింది, మూడో రోజు మానేసింది.


కిమిడి వాసి

అందరికీ కృతజ్ఞతలు. గోపాల్‌పూర్ మిత్రులు రాసిన ఇంజను చప్పుడు సంగతి మా బావకు చదివి వినిపిస్తే, ఆయన మొట్టమొదటిసారిగా ఎదురు వాదించలేదు. అల్లు అర్జున్ పురస్కారం గురించి చిన్నవాడికి చెప్పాను. ‘అయితే నానమ్మకు కూడా ఇస్తారా?’ అని అడిగాడు. దాంతో ఆ ప్రయత్నం అక్కడికి ఆగింది.

మాస్టారు గారి మాట మీద నిన్న రాత్రి ‘బలగం’ పెట్టాను. అమ్మ మొదట ‘ఈళ్ళేటి మాటాడతన్నారు’ అని విసుక్కుని, నల్లి బొక్క అంటే ఏమిటని అడిగింది. మూలుగు ఎముక అని చెప్పగానే నిటారుగా కూర్చుని, మా చిన్న తాతగారి దినాలలో వేటమాంసం వడ్డన దగ్గర లేచిన తగాదాను పేర్లతో సహా చెప్పడం మొదలుపెట్టింది. అందులో సగం నాకు ఇంతవరకు తెలియదు. ఆమె చెబుతున్నంతసేపూ సినిమా ఆపి ఉంచాం. ఆమె చెప్పడం ముగిసి, మళ్ళీ నడిపించి కాసేపైందో లేదో కరెంటు పోయింది. ఈ రాత్రికి మిగతాది చూస్తాం. కనుక పిట్ట ముట్టిందో లేదో దయచేసి ఇక్కడ ఎవరూ రాయవద్దని మనవి.